తానై నడచు నిర్దేశము

పోచంపల్లి చీరను నేయుటకు ముందు నమూనాను గళ్ళ కాగితముపై గీయుదురు. దాని ననుసరించి నూలును కట్టి, రంగులలో ముంచి, పిమ్మట మగ్గమున కెక్కింతురు. కట్టు ఒకచోట తప్పినచో ఆ తప్పు కాగితముపై కానరాదు; నేత సాగిన పిమ్మట గాని బయటపడదు. అప్పటికి నూలును శ్రమయును వ్యయమై యుండును. కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయువారిని వేధించు చిక్కు ఇట్టిదే.

ఏ ప్రోగ్రామునకైనను ముందుగా “ఇది యేమి చేయవలెను” అను నిర్దేశము వ్రాయబడును. దానిని చదివి మరియొకరు ప్రోగ్రామును వేరొక భాషలో వ్రాయుదురు. ఈ రెండును వేర్వేరు త్రోవలు పట్టుట కలదు. అమెరికావారు అంగారక గ్రహమునకు పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అను నౌక 1999 సెప్టెంబరు 23న నశించెను. లెక్కలు మెట్రిక్ కొలతలలో నుండవలెనని నిర్దేశమున నుండెను. భూమిపై లెక్కకట్టు ప్రోగ్రాము పౌనుల కొలతలలో నిచ్చెను. కాగితము తనంతట హెచ్చరింపజాలదు గదా!

ఇందులకు పండితులు కనుగొనిన యుపాయము, నిర్దేశమునే యంత్రము నడుపగల భాషలో వ్రాయుట. దీనికి పోలిక మగ్గమునందే కలదు. ఫ్రాన్సు దేశపు జకార్డు 1804లో చిల్లుల అట్టలచే పడుగును లేపు మగ్గమును నిర్మించెను. అందు నమూనాయే యాజ్ఞ. 1972లో మార్సేల్ నగరమున కోల్మెరార్ మొదలగువారు ప్రోలాగ్ భాషను రూపొందించిరి. నియమములను వ్రాసినచో యంత్రమే వానినుండి జవాబు రాబట్టును. 1983లో ఇజ్రాయెల్ విమాన పరిశ్రమలో పనిచేయుచు డేవిడ్ హారెల్ స్టేట్‌చార్టు లను పటములను కల్పించెను. తరువాత వచ్చిన స్టేట్‌మేట్ అను పనిముట్టుచే ఆ పటములనే తెరపై నడిపించి చూడగలిగిరి.

మన పాఠశాలనుండి యొక యుదాహరణము. “ప్రతి విషయమున 35 మార్కులకు తక్కువ గానివారు ఉత్తీర్ణులు” అని నిర్దేశము వ్రాసితి మనుకొనుడు. గణితమున 34 వచ్చినవాడు తప్పెను, 35 వచ్చినవాడు నెగ్గెను. మూడవవాడు జ్వరముచే పరీక్షకు రాలేదు. వాని గడి ఖాళీ. నియమమును నడిపి చూచినప్పుడు, దీనికి జవాబు వ్రాయలేదని వెంటనే తెలియును. ఫలితములు గోడపై అంటించిన పిమ్మట తెలిసినచో ఒక బాలుని దుఃఖమును తీర్చుట సులభమా?

అయితే భాష మాత్రమే చాలదు. దానిచుట్టు తగిన పనిశాల కావలెను. నియమము, పటము, ఉదాహరణములు, జవాబులు ఒకే తెరపై నుండవలెను. నియమమును మార్చినంతనే జవాబులును మారవలెను. ప్రోగ్రాము నెరుగని ప్రధానోపాధ్యాయుడును దానిని చదివి, ప్రశ్నించి, “నేను కోరినది ఇది కాదు” అని చెప్పగలుగవలెను.

నడచినంత మాత్రమున నిర్దేశము నిర్దోషమని తలపరాదు. మన మడిగిన ప్రశ్నలకే యది జవాబిచ్చును. అడుగని చోట తప్పు దాగియుండవచ్చును. కావున విద్యార్థులారా, రేపు మీరు ఇంజనీర్లైనను, గుమాస్తాలైనను, ఒక నియమమును వ్రాసినంతనే దానిని ముగ్గురు వేర్వేరు మనుష్యులకు అన్వయించి చూడుడు. వారిలో పరీక్షకు రాలేనివాని నొకని తప్పక చేర్చుడు.