ఛేదింపబడిన పాఠము: 'ది సిక్స్త్ సెన్స్' అను టెలివిజన్ నాటకమును గూర్చిన పరిశీలనము

పాఠపరిష్కరణము అన్నంతనే మనకు తాళపత్రప్రతులు, లేఖకదోషములు, ప్రక్షిప్తములు స్ఫురించును. అచ్చుయంత్రము వచ్చిన పిమ్మట పాఠము స్థిరపడినదనియు, చలనచిత్రము, టెలివిజన్ వంటి సాధనములందు పాఠభేదమునకు తావే లేదనియు పలువురు తలంతురు. యంత్రము తాను గ్రహించిన దానిని గ్రహించినట్లే నిలుపునుగదా యని వారి భావము. ఈ తలంపు సరికాదనుటకు అమెరికా దేశమున 1972వ సంవత్సరమున మొదలై, ఆ సంవత్సరాంతముననే ముగిసిన 'ది సిక్స్త్ సెన్స్', అనగా 'ఆఱవ ఇంద్రియము' అను నాటకము చక్కని నిదర్శనము. అతీంద్రియశక్తులు గల మానవుల కథలతో నడచిన ఈ నాటకము ఒక యేడు మాత్రమే బ్రదికినది. ఆ పిమ్మట ప్రతి కథయు సగమునకు సగము కోతపడి, పరుల పీఠికతో, పరగ్రంథము పేరితో లోకమున వ్యాపించినది. ఈ వృత్తాంతమును వివరించి, ఇట్టి ఛేదనము వలన రచనకు గలుగు హాని యెట్టిదో మన యలంకారశాస్త్ర పరిభాషతో నిరూపించుట ఈ వ్యాసమునకు ప్రయోజనము.

మొదట నాటకము పుట్టుక. 1971 అక్టోబరు 2వ తేదీన ఏ.బి.సి. ప్రసారసంస్థ 'స్వీట్, స్వీట్ రేచెల్' అను టెలివిజన్ చిత్రమును ప్రదర్శించెను. రచయిత ఆంథొనీ లారెన్స్. మనశ్శక్తితో హత్యలు సాగించుచున్న వారెవరో కనుగొనుట అందలి వస్తువు. అన్వేషకుడైన డాక్టర్ లూకస్ డారో పాత్రను అలెక్స్ డ్రయర్ ధరించెను. ఆ చిత్రమునకు గలిగిన ఆదరమును బట్టి యూనివర్సల్ సంస్థ దానిని ధారావాహికగా మలచెను. అయితే నాయకుని పేరును, నటుని గూడ మార్చిరి. క్రొత్త నాయకుడు డాక్టర్ మైకేల్ రోడ్స్. ఆ పాత్రధారి గ్యారీ కాలిన్స్. 1972 జనవరి 15వ తేదీన తొలి కథ వెలువడినది. అదే సంవత్సరము డిసెంబరు 30వ తేదీతో ప్రసారము నిలిచిపోయినది. మొత్తము కథలు 25. ఒక్కొక్కటి వ్యాపారప్రకటనలతో గూడి గంట నిడివి గలది.

రోడ్స్ ఒక విశ్వవిద్యాలయమున అధ్యాపకుడు. పరామనస్తత్త్వశాస్త్రము, అనగా దూరశ్రవణము, దూరదృష్టి, భవిష్యజ్ఞానము మున్నగు వానిని పరీక్షించు శాస్త్రము, అతని విషయము. అతడు శోధకుడు మాత్రమే గాదు. అతనికిని అతీంద్రియదర్శనములు గలుగుచుండును. ఈ ద్వంద్వమే నాటకమునకు ఆయువుపట్టు. పరీక్షకుడును పరీక్షావస్తువును ఒక్కడే యైనపుడు అతని మాటకు ప్రమాణమేమి? ప్రత్యక్షము, అనుమానము, శబ్దము అను ప్రమాణములలో దేనిని బట్టి అతడు తీర్పు చెప్పుచున్నాడు? ఉత్తమములైన కథలయందు ఈ ప్రశ్న తెరవెనుక మెదలుచునే యుండును.

ఇట్టి నాయకుని కల్పించుట ఆనాటికి కేవలము ఊహావిలాసము కాదు. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయమున జె.బి. రైన్ అను శాస్త్రజ్ఞుడు 1930 ప్రాంతము నుండియే ఈ విషయమున ప్రయోగములు సాగించి, 1934లో 'ఎక్స్‌ట్రా సెన్సరీ పర్సెప్షన్' అను గ్రంథమును ప్రకటించెను. వలయము, సిలువ, అలలు, చతురస్రము, నక్షత్రము అను 5 గుర్తులు గల 25 చీట్లను కలిపి, కనబడని చీటిపై గల గుర్తును చెప్పుమని అడుగుట అతని పద్ధతి. కేవల యాదృచ్ఛికముగా సగటున 5 సరిపోవును. అంతకు మించి పలుమాఱు సరిపోయినచో కారణము వెదకవలెనని అతని వాదము. ఆ ఫలితములు ఇతర ప్రయోగశాలలలో నిలుకడగా మరల లభింపలేదను ఆక్షేపణ తొలినుండియు గలదు. నేటికిని అధికసంఖ్యాకులైన శాస్త్రజ్ఞులు వానిని అంగీకరింపరు.

ఈ విషయముతో తెలుగుదేశమునకు నిజమైన సంబంధమొకటి గలదు. రైన్‌తో గలిసి పనిచేసిన ఆచార్య కోనేరు రామకృష్ణారావుగారి పూనికతో 1967లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తున మనస్తత్త్వ, పరామనస్తత్త్వ శాస్త్రముల శాఖ వెలసినది. కావున 1972లో అమెరికా ప్రేక్షకుడు తెరపై కల్పితుడైన పరామనస్తత్త్వాచార్యుని చూచుచున్న నాటికి విశాఖపట్టణమున ఆ శాస్త్రమును బోధించు నిజమైన ఆచార్యులుండిరి. రోడ్స్ వృత్తిని వింతగా తలపనక్కఱలేదని చెప్పుటకే ఈ ప్రస్తావము.

ఇక ఛేదనవృత్తాంతము. అమెరికాలో ఒక ధారావాహిక తొలి ప్రసారము ముగిసిన పిమ్మట నిర్మాతలు దానిని ఊరూరనున్న స్థానిక ప్రసారకేంద్రములకు విక్రయింతురు. ఆ కేంద్రములు వారమునకొక్కమాఱు గాక ప్రతిదినము ప్రసారము చేయును గనుక వానికి కథలు పెక్కు కావలెను. కథలు తక్కువగా గల ధారావాహికకు బేరము కుదురుట కష్టము. యూనివర్సల్ సంస్థకు ఇట్టి చిక్కు 'నైట్ గ్యాలరీ' అను మఱొక నాటకమాలిక విషయమున గలిగెను. ఇది 1970 నుండి 1973 వఱకు ఎన్.బి.సి. సంస్థవారు ప్రసారము చేసినది. దీనికి పీఠికాకర్త రాడ్ సెర్లింగ్. అతడు 1959 నుండి 1964 వఱకు నడచిన 'ది ట్విలైట్ జోన్' వలన మహాప్రసిద్ధి పొందినవాడు. నైట్ గ్యాలరీయందు ఒక చిత్రపటము ప్రక్క నిలిచి, దానిని చూపుచు కథను సూచనగా పరిచయము చేయుట అతని పద్ధతి. ఈ మాలికలో ప్రసారభాగములు 43 మాత్రమే. మొదటి రెండు విభాగములలోనివి గంట నిడివి గలవి; మూడవ విభాగములోనివి అరగంటవి.

వ్యాపారసౌలభ్యము కొఱకు సంస్థవారు అన్నింటిని అరగంట తునుకలుగా చేసిరి. పొడవైన కథలను కోసిరి. పొట్టివానికి ఇతర చిత్రములనుండి తెచ్చిన దృశ్యములను అతికించిరి. అప్పటికిని సంఖ్య చాలలేదు. అంతట తమ యొద్దనే పడియున్న 'ఆఱవ ఇంద్రియము'లోని 25 కథలను తెచ్చి, వానిని గూడ అరగంటకు కుదించి, ప్రతిదానికిని సెర్లింగ్‌చేత క్రొత్త పీఠిక పలికించి, నైట్ గ్యాలరీ యను పేరిటనే విక్రయించిరి. సెర్లింగ్ 1975 జూన్ 28వ తేదీన మరణించెను. అతని కంఠముతో మొదలగు ఆ 25 కథలలో ఒక్కటియు అతడు వ్రాసినది కాదు.

మన పరిభాషలో చెప్పవలెనన్న ఇచ్చట మూడు దోషములు ఏకకాలమున సంభవించినవి. పొడవైన కథలకు గలిగినది లోపము. పొట్టివానికి గలిగినది ప్రక్షేపము. ఆఱవ ఇంద్రియపు కథలకు గలిగినది కర్తృత్వ వ్యత్యయము. శతాబ్దముల కాలమున లేఖకపరంపర వలన మన ప్రతులకు గలిగిన వికారములు ఇచ్చట కొలది సంవత్సరములలో ఒక్క కార్యాలయమున గలిగినవి. లేఖకుని ప్రమాదము వేఱు, బుద్ధిపూర్వకముగా చేసినది వేఱు. ఫలితము మాత్రము పాఠకునికి ఒక్కటియే.

ఈ కోత వలన కథకు గలిగిన హాని యెట్టిది? వ్యాపారప్రకటనలు పోగా గంట నాటకమునకు మిగులునది ఇంచుమించు 50 నిమిషములు. దానిని అరగంట స్థానమున ఇముడ్చుట యన్న దాదాపు సగము తొలగించుటయే. ఏ సగము తొలగును? ఈ నాటకమున కథాగమనము తఱచుగా ఇట్లుండును: ఒక వ్యక్తికి భయంకరదర్శనము గలుగును; రోడ్స్‌కు ఆ వార్త చేరును; అతడు వారి పూర్వవృత్తమును, బంధుమిత్రుల నడవడిని, స్థలమును పరిశీలించును; ఆ దర్శనము పిచ్చియా, ఎవరైన పన్నిన మోసమా, నిజముగా అతీంద్రియమా యను వితర్కము సాగును; తుదకు రహస్యము బయటపడును. దశరూపకాదులందు చెప్పబడిన పంచసంధుల క్రమము దీనికి చక్కగా అన్వయించును. దర్శనము ముఖసంధి, అన్వేషణారంభము ప్రతిముఖము, దొరకినట్లు తోచి చేజాఱు ఆధారములు గర్భము, సంశయము తీవ్రమగుట విమర్శము, రహస్యభేదనము నిర్వహణము. కోత వేయువానికి కథ మొదలును, తుదియు విడువరానివి. కావున కత్తెర పడునది నడుమనున్న గర్భవిమర్శములమీదనే. అవి తొలగినపుడు దర్శనము వెంటనే రహస్యభేదనము వచ్చిపడును. కారణము లేని కార్యము వలె తోచును. కుదించిన ప్రతులను చూచినవారు 'ఈ కథ మాకు బోధపడలేదు' అని ఆక్షేపించుటకు మూలము ఇదియే యని మా నిశ్చయము.

ఇంతకంటె సూక్ష్మమైన హాని రసమునకు గలిగినది. అద్భుతమునకు స్థాయిభావము విస్మయము, భయానకమునకు భయము. విస్మయము వితర్కముచేత పోషింపబడును. ఇది యెట్లు సంభవించెను అను ప్రశ్నకు మనస్సునందు చోటు గావలెను. ఆ చోటునకు కాలము గావలెను. భయమునకు ఆ కాలము అక్కఱలేదు. ఒక కేక, ఒక నీడ చాలును. ఆఱవ ఇంద్రియము తన మూలరూపమున భయానకమును అంగముగా, అద్భుతమును అంగిగా నుంచుకొన్నది. నాయకుడు ఆచార్యుడగుటయే దీనికి సాక్ష్యము. భయపెట్టుట మాత్రమే లక్ష్యమైనచో అన్వేషకునితో పనిలేదు. వితర్కభాగము కోతపడగా అంగియైన అద్భుతము క్షీణించి, భయానకము ప్రధానమైనది. నిర్వహణసంధియందు అద్భుతము నిలుపవలెనని మన ఆలంకారికులు విధించిరి. కుదించిన ప్రతిలో నిర్వహణము మిగిలినది గాని, దానిని అద్భుతము చేయు పూర్వభాగము మిగులలేదు. మూలకర్తలు సంకల్పించిన రసము వేఱు, ప్రేక్షకునికి చేరిన రసము వేఱు.

మఱొక వింత. ప్రఖ్యాతనటి జోన్ క్రాఫర్డ్ 1969లో నైట్ గ్యాలరీ తొలి చిత్రమున, అప్పటికి మిగుల పిన్నవాడైన స్టీవెన్ స్పీల్‌బర్గ్ దర్శకత్వమున, ఒక అంధురాలి పాత్రను ధరించెను. 1972 సెప్టెంబరు 30వ తేదీన ఆఱవ ఇంద్రియమునందు ఆమె మఱొక పాత్ర ధరించెను. ఆమెను మనశ్శక్తిచే భయపెట్టి చంపజూచుట అందలి కథ. ఈ రెండును వేర్వేఱు నాటకములు, వేర్వేఱు ప్రసారసంస్థలవి. స్థానికకేంద్రములందు చూచిన ప్రేక్షకునికి ఈ రెండును ఒక్క మాలికలోనివి. అట్టి ప్రేక్షకుడు క్రాఫర్డ్ నటనను గూర్చి గాని, నైట్ గ్యాలరీ గుణదోషములను గూర్చి గాని వ్యాసము వ్రాసినచో తెలియకయే అసత్యము వ్రాయును. ఒక్క మాలికలో మధ్యమధ్య ఒకే ఆచార్యుడు మాటిమాటికి ఏల కనబడుచున్నాడో అతనికి అంతుపట్టదు.

ఇచ్చట ఒక పూర్వపక్షము. సంక్షేపము మన సంప్రదాయమున నిషిద్ధము కాదుగదా? క్షేమేంద్రుడు రామాయణమును, భారతమును సంగ్రహించి మంజరులు రచింపలేదా? నిజమే. కాని క్షేమేంద్రుడు శ్లోకములను కోసి మిగిలిన వానిని అతికింపలేదు. కథను తన వాక్కుతో మరల కట్టెను, తన పేరే చెప్పుకొనెను. సంగ్రహకర్త ఏది పోయినను అన్వయము చెడకుండ చూచును. ఛేదకునికి ఆ బాధ్యత లేదు. అతని చేతనున్నది గడియారము మాత్రమే.

పరుని పేర చెల్లుట గూడ మనకు క్రొత్త కాదందురేమో. నన్నయ విడిచిన అరణ్యపర్వశేషమును ఎఱ్ఱన పూరించి, దానిని రాజరాజనరేంద్రునికే అంకితముగా నడపెను. అచ్చట పూరించినవాడు తన పేరును మఱుగుపఱచి పూర్వకవిని గౌరవించెను. ఇచ్చట వ్రాసినవారి ప్రమేయమే లేక వారి రచన పరప్రసిద్ధికి మేతయైనది. అచ్చట భక్తి, ఇచ్చట బేరము. రెండింటిని ఒక్క త్రాసున తూచరాదు. సెర్లింగ్ పట్ల గూడ ఇది అన్యాయమే. తాను వ్రాయని, పైగా కుంటుపడిన కథల అపకీర్తి అతని పేరున జమయైనది.

2004లో నైట్ గ్యాలరీ మొదటి విభాగము డిస్కులపై వెలువడినది. పిదప తక్కినవియు వచ్చినవి. వానియందు మూలరూపములే నిలుపబడినవి. ఆఱవ ఇంద్రియపు కథలు చేర్పబడలేదు. నైట్ గ్యాలరీకి ఇది శుద్ధప్రతి లభించుట వంటిది. ఆఱవ ఇంద్రియమునకో, పరగృహమునుండి వెలువడుట మాత్రమే జరిగినది. చాలకాలము లోకము దానిని కుదించిన రూపముననే యెఱిగినది గనుక, దానిపై వెలువడిన అభిప్రాయములలో ఏవి మూలమును చూచి చెప్పినవో, ఏవి కోతప్రతిని చూచి చెప్పినవో విడదీయుట విమర్శకుని తొలి పని కావలెను.

ఈ విషయము మన పరిశోధకులకు దూరమైనది కాదు. పత్రికలో ధారావాహికగా వచ్చిన నవల గ్రంథరూపమున తగ్గుట, విడుదలయైన పిదప చలనచిత్రము నిడివి కుదింపబడుట తెలుగున గూడ నున్నవే. బ్రౌను దొర 1829లో వేమన పద్యములను ప్రకటించుటకు ముందు పండితులచేత ప్రతులను సరిచూపించెను. ఆ జాగరూకత తాటాకునకు మాత్రమే చెల్లునని మనము తలపరాదు. నవలపై గాని, రేడియో నాటకముపై గాని, చలనచిత్రముపై గాని సిద్ధాంతవ్యాసము వ్రాయు విద్యార్థి, తాను పరిశీలించిన ప్రతి యేది, ఏనాటిది, దాని నిడివి యెంత యను వివరమును మొదటి ప్రకరణముననే తెలుపవలెను. అధ్యాపకులు ఆ వివరము లేని వ్యాసమును త్రిప్పి పంపుటకు వెనుదీయరాదు. గుణదోషవిచారము ఆ పిమ్మటనే మొదలగును.