పసుపు కాగితంపై విద్యుల్లేఖ

ఆర్మూరు పేరు వినగానే పసుపు తలపునకు వచ్చును. పసుపు తవ్వి, ఉడికించి, కళ్లాలలో ఆరబోసి, మెరుగుపెట్టి సంతకు తెచ్చు రైతుల పట్టణమిది. ఆ పంటకు నీరందించునది బోరుబావి మోటారు. 2018 జనవరి 1 నుండి తెలంగాణలో సేద్యానికి 24 గంటల ఉచిత విద్యుత్తు అమలులోకి వచ్చినది. విద్యుత్తుతో ఇంతగా పెనవేసుకొన్న ఇండ్లలో పెరుగుచున్న పిల్లలకు దానిని గూర్చి తరచు తెలిసినవి రెండే మాటలు: ముట్టరాదనునది ఒకటి, పరీక్షలో వ్రాయవలసిన నిర్వచనం రెండవది.

మొదటిమాట అక్షరాల నిజం. గోడలోని 230 వోల్టుల విద్యుత్తుతో ఆటలు కూడవు. కాని టార్చిలైటు బ్యాటరీలోని 1.5 వోల్టులు పిల్లల చేతికి ఇయ్యదగినవే. రెండవమాటకు ప్రాణం పోయునది ఈ చిన్న బ్యాటరీయే.

అయస్కాంతానికి మన పల్లెలు పెట్టుకొన్న పేరు సూదంటురాయి. సూదిని అంటుకొను రాయి అని అర్థం. పేరులోనే ప్రయోగం ఇమిడి ఉన్నది. పాత రేడియో స్పీకరులోని అయస్కాంతంతో కుట్టుసూదిని ఒకే దిక్కుగా 30, 40 సార్లు రుద్ది, చిన్న ఆకుపై ఉంచి, మట్టి మూకుడులోని నీటిపై తేల్చినచో అది మెల్లగా తిరిగి ఉత్తర దక్షిణాలుగా నిలుచును. ఆ సూదికి కొంచెం పైగా, దాని పొడవునే రాగితీగను పట్టి, తీగ కొనలను బ్యాటరీ రెండు కొనలకు తాకించినచో సూది ప్రక్కకు ఒరుగును. తీగ వేడెక్కును గనుక ఒక్క క్షణమే తాకించవలెను. బ్యాటరీని తిరగవేసినచో సూది రెండవ ప్రక్కకు ఒరుగును. 1820లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు ఆయిర్‌స్టెడ్ లోకానికి చాటినది ఈ వింతయే.

పైపూత గల రాగితీగను ఇనుపమేకుకు 50 చుట్లు చుట్టి బ్యాటరీకి తాకించినచో మేకు గుండుసూదులను ఎత్తును; తీగ విడువగానే రాల్చివేయును. పొలంలోని మోటారును త్రిప్పునదియు ఇట్టి తీగచుట్టల అయస్కాంతశక్తియే. దీనికి మారుదారిని కనుగొన్నవాడు ఫారడే. కమ్మరి ఇంట పుట్టి, పుస్తకాలకు అట్టలు కట్టు పని నేర్చిన ఆయన, తీగచుట్టలో అయస్కాంతాన్ని కదల్చినచో విద్యుత్తు పుట్టునని 1831లో నిరూపించినాడు. ఆర్మూరుకు చేరువనే, పోచంపాడు వద్ద, శ్రీరాంసాగర్ జలాలు యంత్రాలను త్రిప్పి విద్యుత్తును పుట్టించుట ఆ సూత్రం మీదనే.

ఇక ఈ ఊరి పంటయే చూపగల ప్రయోగమొకటి ఉన్నది. సున్నం కలిసిన పసుపు ఎరుపెక్కునని దిష్టికి ఎర్రనీళ్లు కలుపు ప్రతి ఇల్లాలికిని తెలియును. క్షారం సోకిన పసుపు చూపు గుణమది. నీరు పీల్చు తెల్లకాగితాన్ని పసుపునీటిలో ముంచి ఆరబెట్టి, ఉప్పునీటితో తడిపి, వరుసగా కూర్చిన నాలుగు బ్యాటరీల నుండి వచ్చు రెండు తీగలను దానిపై ఎడమెడముగా ఆనించవలెను. గాలి ఆడు చోట చేయుట మేలు. ఋణధ్రువపు తీగ తాకినచోట ఎర్రని మచ్చ తేలును. అచ్చట నీటిలోని ఉదజని వాయువై పోగా క్షారం మిగులుటయే అందుకు కారణం. రెండవ తీగను కదలనీయక, ఈ తీగను కలంవలె మెల్లగా లాగినచో ఎర్రని అక్షరం ఏర్పడును. సున్నం ఊసు లేకుండ, విద్యుత్తే సున్నం పని చేసినదన్నమాట!

ప్రయోగశాల లేదన్న కొరత పెద్దదే. దానిని తీర్చవలసిన బాధ్యత పెద్దలది. అంతవరకు వేచియుండ పనిలేదు. సూది, మేకు, ఉప్పు, పసుపు ఏ ఇంటనైనను ఉండును. తల్లిదండ్రులు ఒక ఆదివారపు పూట పిల్లల ప్రక్కన కూర్చుండి, సూది ఎటు తిరుగునో ముందుగా ఊహించి చెప్పమని అడుగవలెను. ఊహ తప్పినచో నవ్వక, మరల చేసి చూడుమనవలెను. నిర్వచనం పరీక్ష గడచినంతనే మరపునకు రావచ్చును. తన చేతిలోని తీగకు లోబడి సూది తిరుగుట చూచిన పిల్లవాడు మాత్రం, పొలంలో మోటారు మ్రోగిన ప్రతిసారి, లోపల ఏమి తిరుగుచున్నదో తలంచుకొనును.