మీకు తెలుసా? విదేశీ పార్సిల్ వెంట వచ్చే రెండో బిల్లు

విదేశీ వెబ్‌సైట్‌లో కొన్న వస్తువు విమానం దిగగానే కొరియర్ నుంచి మెసేజ్ వస్తుంది: ఇంత సుంకం కట్టండి, కట్టాకే డెలివరీ. ఆ అంకె ఎలా వచ్చిందో చాలామందికి తెలియదు. తెలియక కొందరు కట్టక్కర్లేనిదీ కట్టేస్తున్నారు. ఆర్డర్ పెట్టకముందే తెలిసి ఉండాల్సిన సంగతులు కొన్ని ఇవి.

● మన కస్టమ్స్ వాళ్లు వస్తువు ధర ఒక్కదాని మీదే సుంకం వేయరు. దానికి రవాణా ఖర్చు, బీమా కూడా కలిపి, ఆ మొత్తాన్ని వస్తువు విలువగా తీసుకుంటారు. అయితే విమానంలో వచ్చిన సరుకుకు రవాణా కింద కలిపేది వస్తువు ధరలో 20 శాతం దాటకూడదని 2007 నాటి వాల్యుయేషన్ నిబంధనల్లో ఉంది. వెయ్యి రూపాయల విడిభాగానికి రెండు వేల కొరియర్ ఛార్జీ పడితే, విలువలో కలపాల్సింది 200 మాత్రమే. బిల్లులో ఈ వరుస ఒకసారి చూసుకోండి. డాలర్లను రూపాయల్లోకి మార్చేది కూడా మీ బ్యాంకు రేటుతో కాదు, కస్టమ్స్ ప్రకటించిన రేటుతో.

● పన్ను మీద పన్ను పడుతుంది. వస్తువు విలువ 10,000 రూపాయలు, సుంకం 20 శాతం, దిగుమతి సరుకు మీద వేసే జీఎస్టీ అయిన ఐజీఎస్టీ 18 శాతం అనుకుందాం. సుంకం 2,000. ఆ సుంకంలో పదో వంతు సాంఘిక సంక్షేమ సర్‌చార్జీ, 200. ఐజీఎస్టీ వేసేది 10,000 మీద కాదు, 12,200 మీద. అది 2,196. మొత్తం 4,396 రూపాయలు. 20, 18 కలిపి 38 శాతమే కదా అనుకున్నవారికి దాదాపు 44 శాతం పడింది. సొంత వాడకానికి తెప్పించుకునే వస్తువుల మీద 35 శాతం సుంకం, 28 శాతం ఐజీఎస్టీ ఉన్న రోజుల్లో ఇదే లెక్కన వందకు 77 రూపాయల 28 పైసలు తేలేది. ఆ 35 శాతాన్ని 2025 బడ్జెట్ 20కి తగ్గించింది. 2026 బడ్జెట్ దాన్ని 10 శాతానికి దించింది.

● చిన్న పార్సిల్‌కు సుంకం ఉండదన్న నమ్మకం మన దేశంలో చెల్లదు. కస్టమ్స్ చట్టంలో ఉన్నదల్లా ఒక్క వెసులుబాటు: లెక్కగట్టిన సుంకం 100 రూపాయలు దాటకపోతే వసూలు చేయరు.

● రాఖీకి మినహాయింపు ఉంది, రాఖీతో పెట్టిన వాచీకి లేదు! ఒకప్పుడు 5,000 రూపాయల లోపు బహుమతులను సుంకం లేకుండా వదిలేవారు. కొన్ని విదేశీ షాపింగ్ యాప్‌ల సరుకు కూడా బహుమతి పేరుతోనే దిగడం మొదలైంది. దాంతో 2019 డిసెంబరు 12న కేంద్రం ఆ దారి మూసేసింది. ప్రాణరక్షక మందులు, రాఖీలు తప్ప పోస్టులో, కొరియర్‌లో మరేదీ బహుమతిగా రాకూడదు. అమెరికాలో ఉన్న పిల్లలు అమ్మానాన్నలకు ప్రేమగా ఏదైనా పంపినా సరే, పూర్తి సుంకం కట్టాల్సిందే.

● బహుమతిగా వచ్చినదాని మీదా పన్ను ఎంత బిగువుగా ఉంటుందో 2021 వేసవిలో తెలిసింది. కోవిడ్ రెండో ఉద్ధృతిలో ఆక్సిజన్ కాన్సంట్రేటర్ల కోసం ఇళ్లకిళ్లు అల్లాడుతుంటే, సొంతానికి తెప్పించుకున్న యంత్రం మీద ఐజీఎస్టీ 28 శాతం ఉండేది. మే నెలలో 12కి తగ్గించారు. అమెరికా నుంచి బంధువు పంపిన యంత్రానికి ఆ పన్ను కూడా ఎందుకని 85 ఏళ్ల పెద్దాయన ఒకరు ఢిల్లీ హైకోర్టుకెక్కారు. పన్ను చెల్లదని కోర్టు తీర్పిచ్చింది. జూన్ 1న సుప్రీంకోర్టు ఆ తీర్పుపై స్టే ఇచ్చింది.

● అందరికీ చేరాల్సిన మాట ఇది. వెన్నెముక కండరాల క్షీణత జబ్బుకు వాడే జోల్‌జెన్‌స్మా ఇంజెక్షన్ ఖరీదు సుమారు 16 కోట్లు. 2021లో ముంబైలో ఒక పాపకు, హైదరాబాద్‌లో ఒక బాబుకు దాన్ని చందాలతో తెప్పించారు. దాని మీద పడే ఆరు కోట్ల దిగుమతి పన్నులను కేంద్రం ప్రత్యేకంగా మాఫీ చేసింది. ఇప్పుడు ప్రతి తల్లీ తండ్రీ ఢిల్లీకి అర్జీ పెట్టుకోనక్కర్లేదు. జాతీయ అరుదైన వ్యాధుల విధానంలో ఉన్న జబ్బులన్నిటికీ, రోగి సొంత వాడకానికి తెప్పించే మందులపై, ప్రత్యేక వైద్య ఆహారంపై 2023 ఏప్రిల్ 1 నుంచి మూల సుంకం పూర్తిగా ఎత్తేశారు. కావలసింది కేంద్ర లేదా రాష్ట్ర ఆరోగ్య సేవల డైరెక్టర్, జిల్లా వైద్యాధికారి, సివిల్ సర్జన్‌లలో ఒకరి సర్టిఫికెట్. ఈ కాగితం సంగతి తెలియక ఒక్క కుటుంబం నష్టపోయినా అది చాలా పెద్ద నష్టం.

● విదేశీ డ్రోన్ల దిగుమతిని 2022 ఫిబ్రవరి నుంచి నిషేధించారు. రక్షణ, భద్రత, పరిశోధన అవసరాలకే అనుమతి. ఈ-సిగరెట్లు 2019 నుంచే నిషిద్ధం. ఇలాంటివాటికి సుంకం కడతానన్నా వదలరు.

● డల్లాస్‌లో ఉండి మంగళగిరి చీర ఆర్డర్ పెట్టేవారికీ లెక్క మారింది. 1938లో ఒక్క డాలరుతో మొదలైన అమెరికా చిన్న పార్సిళ్ల మినహాయింపు 2016లో 800 డాలర్లకు చేరింది. 2025 ఆగస్టు 29న అన్ని దేశాలకూ దాన్ని ఆపేశారు. సుంకం ఎవరు, ఎలా వసూలు చేయాలో తేలక మన తపాలా శాఖ ఆగస్టు 25 నుంచే అమెరికా పార్సిళ్లు చాలావరకు నిలిపేసింది. అక్టోబరు 15న మళ్లీ మొదలుపెట్టింది. 100 డాలర్ల లోపు బహుమతికి మినహాయింపు మిగిలింది. అమ్మ పంపిన పొడులు బహుమతే, మీరు డబ్బు కట్టి షాపు నుంచి తెప్పించుకున్నవి మాత్రం కావు.

● సుంకం మరీ ఎక్కువనిపిస్తే పార్సిల్ వద్దనే హక్కు మీకుంది. క్లియరెన్స్ కాకముందే, నేరమేదీ లేని సరుకుపై హక్కు వదులుకుంటే సుంకం కట్టనక్కర్లేదని కస్టమ్స్ చట్టం 23వ సెక్షన్ చెబుతోంది. కట్టేశాక వస్తువు లోపభూయిష్ఠమని తేలితే 26ఏ సెక్షన్ కింద సుంకం వాపసు అడగవచ్చు. దానికి గడువులున్నాయి, ఆలస్యం చేయకండి.

● “మీ పార్సిల్ కస్టమ్స్‌లో ఆగింది, ఈ నంబరుకు డబ్బు పంపండి” అన్న ఫోన్లు నమ్మకండి. వ్యక్తిగత ఖాతాలోకి సుంకం కట్టమని కస్టమ్స్ అధికారులు అడగరు. 2019 నవంబరు నుంచి వారు పంపే ఉత్తరాల మీద డిన్ అనే గుర్తింపు సంఖ్య ఉండాలి. దాన్ని కస్టమ్స్ బోర్డు సీబీఐసీ వెబ్‌సైట్‌లో కొట్టి చూస్తే, ఆ నోటీసు అసలుదో నకిలీదో మీరే తేల్చుకోవచ్చు.