ఓర్పునకు మేర

ముప్పదియేండ్లకు పైగా బడిపిల్లలకు ఓర్పు మహాగుణమని బోధించినవాడను. పిత్తనాళమున క్యాన్సరు పుట్టి, శస్త్రచికిత్స జరిగి, దాని వెనుక కీమోథెరపీ మాత్రలు మ్రింగవలసి వచ్చినప్పుడు ఆ గుణమే నాకు చేటు తెచ్చినది. ఇప్పుడా చికిత్సలో నున్నవారికి నా యనుభవము కొంత యుపకరింపవచ్చునని ఈ నాలుగు మాటలు చెప్పుచున్నాను.

పైత్యరసమును కాలేయమునుండి ప్రేవునకు కొనిపోవు కాలువయే పిత్తనాళము. చెడిన భాగమును కోసి తీసినను, కంటికి కనబడని కణములు మిగిలియుండవచ్చును. వానికొఱకే ఈ మందు. బ్రిటనులో జరిగిన బిల్‌క్యాప్ పరిశోధన 2019లో ప్రకటితమైన పిదప, కేపసైటబిన్ అను మాత్ర ఈ సందర్భమున ఎక్కువగా వాడుకలోనికి వచ్చినది. 14 దినములు రెండు పూటలను భోజనమైన అరగంటలోపల మాత్రలు. పిమ్మట 7 దినములు విరామము. ఇట్లు 8 ఆవృత్తులు. ఒక పూట మఱచినచో మరుపూట రెట్టింపు వేసికొనరాదు.

వేగముగా వృద్ధిపొందు కణములను ఈ మందు కొట్టును. నోటిపొర, ప్రేవులపొర, ఎముకల మూలుగలో పుట్టు రక్తకణములు అట్టివే గనుక వానికిని దెబ్బ తగులును. శరీరములో ఈ మందును విఱిచివేయు డి.పి.డి. అను ఎంజైము కొందఱికి పుట్టుకతోనే కొఱవడి యుండును. వారికి మామూలు మోతాదే ప్రాణాంతకము కావచ్చును. కావున మొదటి మాత్రకు ముందే ఆ పరీక్షనుగూర్చి డాక్టరు నడుగుడు. బలమునకని ఫోలిక్ ఆమ్లముగల మాత్రలను తమంతట తాము వేసికొనుటయు కూడదు. అవి మందుయొక్క విషగుణమును హెచ్చింపగలవు.

నా రెండవ ఆవృత్తిలో అరికాళ్లు, అరచేతులు ఎఱ్ఱబాఱి మండసాగెను. చెప్పినచో మోతాదు తగ్గింతురు, తగ్గించినచో వ్యాధి తిరుగబెట్టునని భయపడి పది దినములు దాచితిని. అడుగు తీసి అడుగు వేయలేని స్థితి వచ్చినది. నా భార్య చూచి, "ఏమండీ, లెక్క తప్పిన పిల్లవాడు పలక దాచినచో మీరేమనెడివారు?" అని అడిగెను. నాయొద్ద సమాధానము లేదు. డాక్టరుగారు కోపింపలేదు. మాత్రలు ఆపించి, చర్మము తేఱిన పిదప మోతాదు తగ్గించి మరల మొదలుపెట్టించిరి. ఆపుటయు, తగ్గించుటయు ఈ చికిత్సలోని భాగములే యని అప్పుడు తెలిసినది. ముందే చెప్పియున్నచో అన్నాళ్లు మంచము పట్టకపోదును.

చేతులకు, కాళ్లకు యూరియా కలిసిన లేపనము మొదటినుండియే పూయవలెను. వేడినీటి స్నానము, బిగువు చెప్పులు, గరిటెతోగాని పారతోగాని చేయు రాపిడి పనులు మానవలెను. న్యూఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థవారు ఈ మాత్రలు వాడు 264 మందిపై పరీక్షించి 2024లో ప్రకటించిన సంగతి యొకటి కలదు. డైక్లోఫెనాక్ జెల్ పూసికొన్నవారిలో మధ్యమ, తీవ్ర బాధ నూటికి 3.8 మందికి కలుగగా, మందులేని పూత పూసికొన్నవారిలో 15 మందికి కలిగినది. మన దేశపు పరిశోధన, చౌకమందు! అయినను డాక్టరు నడిగియే వాడుడు.

విరేచనములలో రెండు విధములు కలవు. నీళ్లవలె, మామూలుకంటె నాలుగుమార్లు హెచ్చుగానో, రాత్రి నిద్రలేపునట్లుగానో అయినచో అది మందువలన కావచ్చును. మాత్ర ఆపి వెంటనే ఆస్పత్రికి ఫోను చేయుడు. ఓ.ఆర్.ఎస్. నీరు, ఉప్పు గంజి త్రాగుచుండుడు. జిడ్డుగా తేలుచు, దుర్గంధముతో నైనచో అది తఱచు క్రొవ్వు జీర్ణముగాక పోవుటవలన. క్లోమములో కొంత కోసినవారికి భోజనముతో ఎంజైము మాత్రలు వలయును. రెంటికి మందులు వేఱు గనుక సిగ్గుపడక వివరము చెప్పవలెను. వాంతికి మంచి మాత్రలున్నవి. నోటిపూతకు ఉప్పునీరు పుక్కిలించుడు.

జ్వరము మాత్రము ఒక పూటయు ఓర్వరాదు. థర్మామీటరు 100.4 డిగ్రీలు చూపినచో అర్ధరాత్రియైనను ఆస్పత్రికి పోవలెను. తెల్లకణములు తగ్గి సూక్ష్మజీవులు చెలరేగి యుండవచ్చును. లేదా కోసి కలిపిన నాళమున చీము చేరి యుండవచ్చును. వణకు, కన్నుల పసుపు, ముదురు మూత్రము దీనికి గుర్తులు. కామెర్లనగానే పసరుకై పరుగెత్తుట మన యూళ్ల వాడుక. ఈ రోగికి అది తగదు. పారాసిటమాల్ వేసి జ్వరమును కప్పిపుచ్చుటయు తగదు. గుండెలో నొప్పి తోచినచో మాత్ర ఆపి అట్లే పోవలెను.

ఒక నోటుపుస్తకములో ఉష్ణము, విరేచనములు, పాదముల స్థితి, తిన్న అన్నము ప్రతిదినము వ్రాయుడు. డాక్టరుగారు మొదట చేయి చాచునది దానికే. నావంటి దాపరికపువాడు ఇంట నున్నచో ఆ పుస్తకము భార్యయో కోడలో వ్రాయుట మేలు. మా యింట అట్లే జరిగినది.