పిల్లలకు మలబద్ధకమా? ఒక్కసారి ఆముదం పట్టిస్తే సరిపోదు.. తల్లిదండ్రులు తెలుసుకోవాల్సిన విషయాలివే!

నిజాంసాగర్: పిల్లాడికి మూడు రోజులుగా విరేచనం కావట్లేదంటే ఊళ్లో మొదట వినిపించే మాట.. 'కొంచెం ఆముదం పట్టించండి'. పసిపిల్లలకైతే తమలపాకు తొడిమను ఆముదంలో ముంచి వాడటమూ తెలిసిందే. వీటితో ఆ పూటకు కడుపు ఖాళీ అవుతుంది. కానీ వారం తిరిగేసరికి సమస్య మళ్లీ మొదటికొస్తుంది. ఎందుకిలా? ఇంటి మూలికలు ఎంతవరకు పనిచేస్తాయి? డాక్టర్లు ఇచ్చే మందులు అలవాటైపోతాయా? ఇప్పుడు చూద్దాం..

అసలు సమస్య నొప్పి భయం!

ఒకసారి మలం గట్టిగా వచ్చి నొప్పి పుడితే పిల్లలు భయపడి ఆపుకుంటారు. బడిలో బాత్రూమ్‌కు వెళ్లడం ఇష్టంలేక ఆపుకునేవాళ్లూ ఉంటారు. లోపల ఉన్నకొద్దీ మలంలోని నీరు ఇంకిపోయి ఇంకా గట్టిపడుతుంది. నొప్పి ఇంకా పెరుగుతుంది. ఈ చక్రం తెగాలంటే ఒక్కరోజు విరేచనం అయితే చాలదు. కొన్ని వారాలు, నెలల పాటు మలం మెత్తగా, నొప్పి లేకుండా రావాలి. అప్పుడే భయం పోతుంది.

వారానికి రెండుసార్లు, అంతకంటే తక్కువగా విరేచనం కావడం, గట్టి ఉండల్లా రావడం, కాళ్లు బిగబట్టి మూలన నిలబడటం దీని లక్షణాలు. కొందరిలో గట్టి మలం పక్కనుంచి నీళ్లలా కారి చెడ్డీకి అంటుతుంది. దాన్ని విరేచనాలు అనుకుని పొరపాటు పడొద్దు.

మూలికల సంగతేంటి?

ఆముదం: పేగులను బలవంతంగా కదిలిస్తుంది. కడుపునొప్పి, నీళ్ల విరేచనాలు రావచ్చు. పసిపిల్లలకు బలవంతంగా పోస్తే నూనె ఊపిరితిత్తుల్లోకి వెళ్లి న్యుమోనియా వచ్చే ప్రమాదం ఉంది.

సునాముఖి (నేలతంగేడు): దీని నుంచి తీసిన మందును డాక్టర్లూ వాడతారు. కానీ మొదటి మందుగా కాదు. ఇంట్లో ఆకు నూరి ఇస్తే మోతాదు ఎంతో తెలియదు.

కరక్కాయ, త్రిఫల: పెద్దల్లో వాడకం ఎక్కువ. పిల్లలకు ఎంత ఇవ్వాలనేదానిపై గట్టి పరిశోధనలు తక్కువ. ఆయుర్వేద డాక్టర్‌ను అడగకుండా ఇవ్వొద్దు.

రేల కాయ: ఎండాకాలంలో పసుపు పూలు పూసే రేల చెట్టు కాయల గుజ్జుపై ఇరాన్‌లో పరీక్షలు జరిగాయి. 2012లో వెలువడిన అధ్యయనంలో 4 నుంచి 13 ఏళ్ల పిల్లలు 81 మంది పాల్గొన్నారు. మూడు వారాల్లో లిక్విడ్ పారాఫిన్ కంటే రేల మందు మెరుగ్గా పనిచేసింది. అయితే అది కొలత ప్రకారం తయారుచేసిన మందు. చెట్టు కింద ఏరిన కాయ దానితో సమానం కాదు.

డాక్టర్లు ఏం ఇస్తారు?

మొదట పాలీ ఇథిలీన్ గ్లైకాల్ పొడి. ఏడాదిలోపు పిల్లలకు, ఆ పొడి దొరకనప్పుడు లాక్టులోజ్ సిరప్. ఇవి పేగుల్లో నీటిని పట్టి ఉంచి మలాన్ని మెత్తబరుస్తాయి. పేగులను అలవాటు పడేలా చేయవు. లోపల గట్టి మలం పేరుకుపోతే ముందు కొన్ని రోజులు ఎక్కువ మోతాదుతో శుభ్రం చేసి, తర్వాత రోజూ తక్కువ మోతాదు ఇస్తారు. కనీసం 2 నెలలు వాడాలని, మెల్లమెల్లగా తగ్గించాలని 2014లో వచ్చిన యూరప్, అమెరికా పిల్లల వైద్య నిపుణుల మార్గదర్శకాలు చెబుతున్నాయి. నాలుగు రోజులు బాగుందని మందు ఆపేయడమే చాలామంది చేసే తప్పు.

ఇంట్లో ఇలా చేయండి

* భోజనం చేశాక 5 నుంచి 10 నిమిషాలు టాయిలెట్‌లో కూర్చోబెట్టండి. తిట్టొద్దు, తొందర పెట్టొద్దు.
* వెస్టర్న్ కమోడ్ అయితే కాళ్ల కింద చిన్న పీట వేయండి.
* జొన్నరొట్టె, తోటకూర, పప్పు, జామ, బొప్పాయి పెట్టండి. నీళ్లు తాగించండి. పాలతోనే కడుపు నింపొద్దు.
* సబ్బు ముక్క, తమలపాకు తొడిమ పెట్టొద్దు. లోపల గాయం కావచ్చు.

పసిపిల్లల విషయంలో జాగ్రత్త

తల్లిపాలు మాత్రమే తాగే బిడ్డకు నెల దాటాక కొన్ని రోజుల పాటు విరేచనం కాకపోయినా, మలం మెత్తగా వస్తూ, పాలు బాగా తాగుతూ, బరువు పెరుగుతుంటే అది మలబద్ధకం కాదు. ఆరు నెలల వరకు తల్లిపాలు తప్ప ఆముదం, నీళ్లు ఏవీ వద్దు. ఏడాదిలోపు తేనె అసలే వద్దు. తల్లిపాలను ప్రోత్సహించినందుకు బాన్సువాడ మాతా శిశు ఆసుపత్రి 2022లో గుర్తింపు కూడా పొందింది.

వెంటనే ఆసుపత్రికి ఎప్పుడు?

పుట్టిన 48 గంటల్లో మొదటి మలం రాకపోయినా, నెలలోపే మలబద్ధకం మొదలైనా, కడుపు ఉబ్బి పచ్చటి వాంతులైనా, మలంలో రక్తం, జ్వరం ఉన్నా, బరువు పెరగకపోయినా, కాళ్లలో బలం తగ్గినా ఇంటి వైద్యంతో ఆలస్యం చేయొద్దు. పుట్టుకతో వచ్చే పేగు సమస్య ఉండొచ్చు.

గమనిక: ఇది అవగాహన కోసం మాత్రమే. పిల్లల బరువును బట్టి మందు మోతాదు మారుతుంది. డాక్టర్ సలహా తప్పనిసరి.