వీసమెత్తు అంటే ఎంత?

"ఆయనకు వీసమెత్తు గర్వం లేదు", "అందులో వీసమెత్తు అబద్ధం లేదు" అని పెద్దల నోట వింటూ ఉంటాము. ఇసుమంత, పిసరంత, రవ్వంత అన్నవాటివలెనే ఇదీ ఒకటి అనుకొని ఊరకుంటాము. కాని వాటికి లేని సుగుణం దీనికొకటి ఉన్నది. పిసరు ఎంత అంటే ఎవరూ చెప్పలేరు. వీసం ఎంత అంటే చెప్పవచ్చును: సరిగా 16వ వంతు. ఎత్తు అనగా తూకం. 11.66 గ్రాముల పాత తులంలో వీసమెత్తు బంగారమంటే ముప్పావు గ్రాముకు కొంచెం తక్కువ.

మన పాత భిన్నాల లెక్క నాలుగింటిమీద నడిచినది. ఒకటిలో నాలుగవ వంతు పావు, పావులో నాలుగవ వంతు వీసం, వీసంలో నాలుగవ వంతు కాణి. రెండు వీసాలు పరక, మూడైతే మువ్వీసం. వ్రాతలోను ఇదే వరుస: పావులకు నిలువు గీతలు, వీసాలకు అడ్డగీతలు. తాతలనాటి జమాఖర్చు పుస్తకాలున్నవారు అంకెల ప్రక్క గీతలను మరకలనుకొని త్రోసివేయవద్దు. 2008లో ఈ గుర్తులు కంప్యూటరుకు పనికివచ్చే యూనికోడ్ పట్టికలో కూడ చేరినవి.

రూపాయికి పదహారణాలు గనుక రూపాయిలో వీసం అణా, పరక బేడ, కాణి ఒక పాత పైసా. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణెములు వచ్చిన పిమ్మట ఈ లెక్క బేరసారాలనుండి తప్పుకొన్నది. మాట మిగిలినది. నూలు తూచిన వీసె మాత్రం వేరు సుమా! అది 120 తులాలు, దాదాపు 1,400 గ్రాములు.

ఇంతకూ నేతవానికి వీసం స్వల్పమా? గజంలో వీసం రెండుంపావు అంగుళాలు. ఆరు గజాల చీరలో గజానికి వీసం చొప్పున తగ్గితే పదమూడున్నర అంగుళాలు పోయినట్లే, పైట చాలదు. వెయ్యి రూపాయల మజూరీలో వీసం కోత అంటే 62 రూపాయల 50 పైసలు. "వీసమే గదా" అని బేరమాడేవారికి ఈ లెక్క వేసి చూపవచ్చును.

కన్నడంలో వీస అన్నా, తమిళంలో వీసం అన్నా ఈ 16వ వంతే. కనుక కర్ణాటక, తమిళనాడులలోని మనవారికి ఇది ఇరుగుపొరుగుతో పంచుకొన్న మాట. షోలాపురం, భివండీలలో మరాఠీ బడికి పోయే పిల్లలు ఇంట్లో వినకపోతే ఇంకెక్కడ వింటారు? గజంబద్ద మీద రెండుంపావు అంగుళాలు కొలిచి, "ఇదీ వీసం" అని చూపితే చాలును.