ట్రాక్టరు కట్టరు: షాఫ్టు దగ్గర జాగ్రత్త

నాగార్జునసాగర్ ఎడమ కాలువకు 1967లో నీరు వదిలిరి. ఆ కాలువ కింద కోదాడ, మిర్యాలగూడ వరి పొలములలో ఇప్పుడు కోత కోయునది ఎక్కువగా హార్వెస్టరే. అది కొయ్యలను ఎత్తుగా వదలిపోవును. సూర్యాపేట వైపు చెలకలలో పత్తి ఏరిన పిదప కట్టె నిలిచియుండును. వీటికి నిప్పు పెట్టుటకంటె, ట్రాక్టరు వెనుక కట్టరు తగిలించి ముక్కలుగా నరికి నేలలో కలుపుట మేలు. అయితే ఆ యంత్రమును బాగుచేయునప్పుడు చేయి, కాలు పోగొట్టుకొనకుండ చూచుకొనవలెను.

కత్తులను చూచి అందరును భయపడుదురు. అంతకు మించి భయపడవలసినది షాఫ్టుకు. ట్రాక్టరు పి.టి.ఓ. నుండి కట్టరునకు బలము తెచ్చు ఈ షాఫ్టు సాధారణముగా నిమిషమునకు 540 చుట్లు, అనగా సెకనుకు 9 చుట్లు తిరుగును. 6 సెంటీమీటర్ల లావుగల షాఫ్టు ఒక్క సెకనులో సుమారు 170 సెంటీమీటర్ల గుడ్డను చుట్టుకొనును. కండువా కొస, లుంగీ అంచు, చీర కొంగు, ఏది చిక్కినను "ఆపు" అని కేక వేయులోపలనే మనిషి దానిపై పడును. కావున షాఫ్టుపై నుండు ప్లాస్టిక్ తొడుగును, గ్రీజు పెట్టుటకు అడ్డమని తీసి మూలన పడవేయరాదు. పగిలినచో కొత్తది వేయించుడు. తొడుగు తిరగకుండ పట్టియుంచు గొలుసు కూడ ఉండవలెను.

చేయి పెట్టుటకు ముందు పి.టి.ఓ. లీవరు విడిపించి, కట్టరును నేలకు దించి, ఇంజను ఆపి, తాళపుచెవిని మీ జేబులో వేసికొనుడు. డ్రైవరు సీటుపై కూర్చుండగా మరియొకరు క్రింద పనిచేయుట చాల చెడ్డ అలవాటు. పి.టి.ఓ. విడిపించినను కత్తులు కొంతసేపు తిరుగుచునే యుండును. అవి పూర్తిగా ఆగువరకు దగ్గరకు పోరాదు. కత్తులు మార్చుటకు యంత్రమును పైకి లేపినచో హైడ్రాలిక్‌ను మాత్రమే నమ్మి క్రింద దూరరాదు; గట్టి కొయ్య దిమ్మెలు పెట్టవలెను. పైపు పగిలినను, ఎవరైన లీవరు కదిలించినను బరువంతయు మీద పడును.

కత్తి ఒకటి విరిగినచో దాని ఎదుటి కత్తిని కూడ మార్చుడు. బరువు సరిపోని రోటరు అదరును. ఆ అదురు మొదట బేరింగులను, పిదప గేరుబాక్సును తినివేయును. షాఫ్టు క్రాసులకు కంపెనీ పుస్తకములో చెప్పిన గంటల చొప్పున గ్రీజు పట్టింపవలెను. బెల్టులలో ఒకటి తెగినచో సెట్టంతయు మార్చుట మంచిది, కొత్తది పాతది కలిసి బరువు సమముగా లాగవు.

ఇక షియర్ బోల్టు సంగతి. రాయి తగిలినపుడు తాను తెగి గేరుబాక్సును కాపాడుటయే దాని పని. మాటిమాటికి తెగుచున్నదని విసుగుపడి గట్టి బోల్టు బిగించువారు కలరు. అప్పుడు తెగవలసినది తెగదు, పండ్లు విరుగును. ఎందుకు తెగుచున్నదో ముందు చూడుడు: పొలములో రాళ్ళున్నవా, కత్తులు మొద్దుబారినవా, కట్టరు మరీ క్రిందికి దిగినదా?

కట్టరు రాళ్ళను దూరముగా విసరును. వెనుకనున్న రేకును, గొలుసులను తీయకుడు. పిల్లలను గట్టు మీదకు కూడ రానీయకుడు. వ్యవసాయ విస్తరణాధికారులు, కిరాయి కట్టరు ఊరిలోనికి వచ్చినపుడు, పని మొదలు కాకముందే షాఫ్టు తొడుగు ఉన్నదో లేదో స్వయముగా చూచి రావలెను.